పేర్ల మధ్య జాగ

పోయిన ఎండాకాలం మా ఊళ్లో భూకంపం వచ్చింది. వచ్చిన మాట నిజం, నేను కాదనను. కానీ దాని మీద పడ్డ నిందల్లో సగానికి సగం దానికి సంబంధం లేనివి. ఈ ముక్క చెప్పే హక్కు ఊళ్లో అందరికంటే నాకే ఎక్కువ. ఎందుకంటే ఆ సాయంత్రం, అది భూకంపమని తెలియక, తొక్కు కలిపే గంటె చేతిలో పట్టుకుని క్వారీ మీదికి గొడవకు పోయిన మనిషిని నేనే.

నా పేరు రాధ. మాది కోనరావుపేట మండలంలో ఒక చిన్న ఊరు. మా ఆయన జలపతి మస్కట్‌లో ఉంటాడు. నేను ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతాను. బడి వెనకాల గుట్ట ఉంది, ఆ గుట్టలో గ్రానైటు తవ్వుకునే క్వారీ నర్సింగ్ రావు గారిది. ఒకప్పుడు వాళ్ల తాత ఈ ఊరికి దొర. ఇప్పుడు దొరతనం పోయింది గానీ ముసలివాళ్ల నోట్లోంచి ఆ పిలుపు పోలేదు.

క్వారీలో ఒంటిగంటకు సైరన్ మోగుతుంది. సైరన్ ఆగిన కాసేపటికి గుట్ట పేలుతుంది. మా పిల్లలు అన్నం ముందు కూర్చునేది సరిగ్గా అప్పుడే. సైరన్ చెవిన పడగానే నలభై మందీ, ఎవరూ చెప్పకుండానే, ఎడమ చెయ్యి చాపి పళ్లెం మీద కప్పుకుంటారు. పైకప్పు నుంచి సున్నం పొడి రాలుతుంది మరి. రాలడం అయ్యాక చెయ్యి తీసి మళ్లీ తింటారు. నాలుగేళ్లుగా ఇదే తంతు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లకు కూడా వారం తిరిగేసరికి అలవాటైపోతుంది. చూసినప్పుడల్లా నా కడుపు మండిపోయేది.

ఇది చాలదన్నట్టు, నర్సింగ్ రావు గారు బడి వైపు ఇంకో బిట్టు తవ్వుతానని దరఖాస్తు పెట్టుకున్నారు. అది వచ్చిందంటే పేలుడు బడి గోడకు ఆనుకుని ఉన్నట్టే. మేము నలుగురం ఆడవాళ్లం సిరిసిల్ల పోయి, సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కాగితం ఇచ్చి వచ్చాం. బడి గోడలు, మా ఇళ్ల గోడలు పేలుళ్లకు పగిలిపోతున్నాయి, కొత్త తవ్వకం వద్దు అని. ఎండాకాలం సెలవులు అయి బడి తెరిచేలోపు ఊరికి వచ్చి విచారణ చేస్తామన్నారు.

ఈలోగా మాఘంలో మా మరిది సాగర్ పెళ్లి అయింది. పిల్ల పేరు లత, కథలాపూర్ వాళ్లమ్మాయి. మా వైపు పెళ్లంటే ఇంటి ముందు గోడకు రంగు వేసి, రెండు అరటిచెట్లు, రెండు చిలకలు గీయించి, మధ్యలో పిల్లా పిలగాడి పేర్లు, కింద తేదీ రాయించాల్సిందే. పత్రికలు అందకపోయినా చుట్టాలు సర్దుకుంటారు గానీ, గోడ మీద పేరు పడకపోతే పెళ్లి అయినట్టే లెక్క కాదు. ఆ పని చుట్టుపక్కల నాలుగు మండలాల్లో కోరుట్ల మొగిలిదే. చెయ్యి తిరిగిన మనిషి.

నేను వంటల దగ్గర నుంచి వచ్చి చూసేసరికి రాత అయిపోయింది. సాగర్ పేరు ఈ పక్కన, లత పేరు ఆ పక్కన. నడుమ జానెడు ఖాళీ. ఆ ఖాళీలో కిటికీ మూల నుంచి చూరు దాకా పోయిన పగులు. మా అత్త చూసి గుండె పట్టుకుంది. పెళ్లికి ముందే పేర్లు ఎడబాపిండని చుట్టాల ముందు శోకం మొదలు పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"పగులు మీద అక్షరం నిలువదక్కా," అన్నాడు మొగిలి నెమ్మదిగా. "నెల రోజులల్ల పెచ్చు లేస్తది. గందుకే జాగ ఇడిసిన."

"రాసుడొక్కటే నేర్చినవు మొగిలీ, మనుషుల తీరు నేర్వలే. ఇంకోసారి మా ఊర్ల కుంచె పట్టకు," అన్నాను నేను. అందరూ వినేటట్టే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. అతను ఎప్పటిలాగే వెనక్కి నడిచి, కొంచెం జరగమని అందరినీ పక్కకు పంపి, ఉత్త గోడకు ఫోన్లో ఒక ఫోటో తీసుకున్నాడు. కుంచెలు కడుక్కుని, అన్నం కూడా తినకుండా వెళ్లిపోయాడు. పెళ్లి బాగానే జరిగింది. నెల తిరక్కుండానే సాగర్ మళ్లీ దుబాయి విమానం ఎక్కాడు, లత మా ఇంట్లో ఉండిపోయింది.

మే నెల మొదట్లో ఒక సోమవారం, పొద్దు గూకే వేళ. నేను, లత నేల మీద కూర్చుని మామిడికాయ తొక్కు కలుపుతున్నాం. మొదట గోడ మీది గిన్నెలు గణగణమన్నాయి. తర్వాత జాడీ దానంతట అదే నా వైపు జరిగింది. నేల లోపలి నుంచి బండి పోతున్నట్టు ఒక గుడగుడ. లత నా మోచెయ్యి పట్టుకుంది. అంతే, ఆగిపోయింది. మూడు నాలుగు సెకన్లకు మించి లేదు.

నాకు తోచింది ఒకటే. ఒంటిగంటకు ఒకసారి పేల్చింది చాలక సాయంత్రం కూడా మొదలు పెట్టారు. గంటె చేతిలో ఉండగానే లేచాను. వాడకట్టులో అప్పటికే జనం బయటికి వచ్చి ఉన్నారు. అందరిదీ అదే మాట, క్వారీ వాళ్లేనని. పదిహేను మందిమి కలిసి గుట్ట దాకా ఆగకుండా పోయాం. అక్కడ చూస్తే బీహార్ నుంచి వచ్చిన కూలీలంతా మాకంటే ముందే షెడ్లలోంచి ఉరికొచ్చి, ఎండిన చెలకలో నిలబడి ఉన్నారు.

"గీ యాళప్పుడు ఎవడు కొట్టిండు బ్లాస్టింగ్?" అన్నాను కావలి మనిషితో.

"నేనెందుకు కొడ్తనక్కా, నా రేకులే ఊగినయ్," అన్నాడు అతను, నా చేతిలో గంటె వైపు చూస్తూ.

అప్పుడు ఒక్కొక్కరి ఫోన్ మోగడం మొదలైంది. జగిత్యాలలో ఊగిందట, కోరుట్లలో ఊగిందట, వేములవాడలో జనం రోడ్ల మీదికి వచ్చారట. సిరిసిల్లలో మా చెల్లె ఊర్మిలకు చేస్తే తనకేం తెలియదంది. వాళ్లింటి కింద మరమగ్గాలు పొద్దంతా నేలను ఊపుతూనే ఉంటాయి, ఆమెకు అది భూకంపమని ఎట్లా తెలుస్తుంది. మేము తలలు వంచుకుని వెనక్కి వచ్చాం. ఆ రోజు నుంచి నెల రోజులు నేను ఎదురుపడితే చాలు, గంటె తెచ్చినవా అని అడగని మనిషి లేడు. జలపతికి చెబితే మస్కట్‌లో పని మానుకుని నవ్వాడు.

భూకంపం మా ఊళ్లో ఒక్క మనిషిని గిచ్చలేదు గానీ, దాని వెనకాల వచ్చిన భయం మాత్రం అంత తొందరగా పోలేదు. నాలుగు రోజులు అందరూ వాకిళ్లలోనే పడుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం ఇంకోటి వస్తుందని ఎవడో గొంతు రికార్డు చేసి పంపితే, ఆ శుక్రవారం ఊరు మొత్తం పొయ్యి వెలిగించలేదు. పదిహేను రోజులకు భయం తగ్గింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

నర్సింగ్ రావు గారు సిరిసిల్లకు ఒక జవాబు పంపారు. ఊళ్లో గోడలు పగిలిన మాట వాస్తవమే, అయితే అవి పగిలింది మొన్నటి భూకంపానికి, క్వారీకి ఏ సంబంధమూ లేదు అని. వినడానికి ఎంత నున్నగా ఉంది. భూకంపం వచ్చినట్టు టీవీలో చెప్పారు, పేపర్లో వేశారు. పైగా, ఊగింది మీ పేలుడుకే అని క్వారీ మీదికి పోయి నవ్వుల పాలైన దాన్ని నేను. ఇక నా మాట ఎవరు నమ్ముతారు. ముందుగా గోడలు చూసిపోవడానికి వచ్చిన ఇంజనీరు సారు మంచివాడే, ఓపిగ్గా ప్రతి ఇల్లూ తిరిగాడు. చివరికి చేతులు దులుపుకుంటూ, "పగుళ్లు చూస్తున్నానమ్మా. కానీ ఏ పగులు ఎప్పుడొచ్చిందో దాని మీద తేదీ రాసి ఉండదు కదా," అన్నాడు.

ఇంట్లో ఇంకో పంచాయితీ. మా అత్తకు భూకంపమూ పట్టలేదు, క్వారీ పట్టలేదు. ఆమె లెక్కలో ఆ పగులు లతతో వచ్చింది. పేర్లు ఎడబాసిన ఇల్లు నిలుస్తుందా, భూమి ఊరికే ఊగుతుందా అని పొద్దున లేస్తే అదే పాట. సాగర్ వచ్చేదాకా పిల్లను కథలాపూర్‌లో దింపి రమ్మని నాకు హుకుం జారీ చేసింది. లత బ్యాగు సర్దుకుని వాకిట్లో కూర్చుంది. ఆ పిల్ల మొహం చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

గోడ మీద అరటిచెట్లు, చిలకలు, సాగర్, జానెడు ఖాళీ, లత. కింద పెద్ద అక్షరాలతో ఫిబ్రవరి తేదీ. భూకంపం మేలో కదా.

"తేదీ ఉన్నది లతా," అన్నాను. "పగులుకు తేదీ ఉన్నది."

లత పెయింటు నిన్న వేసుకున్నారంటే ఏం చెబుతావని అడిగింది. ఆ పిల్ల మాట తక్కువ, బుర్ర ఎక్కువ. ఫోన్ తీసి పెళ్లి ఫోటోలన్నీ తిరగేశాం. ఏ ఫోటోలో చూసినా గోడకు ఆనుకుని చుట్టాలే. మా పెద్దత్త కొప్పు, బావల భుజాలు. పగులు ఒక్కదాంట్లో కనబడితే ఒట్టు.

"అక్కా, మొగిలన్న మనందర్ని జరగుమని ఉత్త గోడను తీసిండు గదా," అంది లత.

మొగిలి. ఊళ్లోకి రావద్దని నేను తరిమిన మనిషి.

మర్నాడు లత బ్యాగు వాకిట్లోనే వదిలేసి, ఇద్దరం వేములవాడ నుంచి కోరుట్ల బస్సు ఎక్కాం. కథలాపూర్ వచ్చినప్పుడు లత దిగలేదు, కిటికీలోంచి వాళ్ల వాడకట్టు వైపు చూసి నా పక్కనే కూర్చుంది. కోరుట్ల బస్టాండు పక్క సందులో మొగిలి దుకాణం. దుకాణమంటే ఒక రేకు, రెండు స్టూళ్లు. ఫ్లెక్సీలు వచ్చాక పట్నంలో చేతి రాత అడిగేవాళ్లు లేరు, బండ్ల నంబరు ప్లేట్లు రాసుకుంటున్నాడు. మమ్మల్ని చూశాడు, కూర్చోమనలేదు.

దారి పొడుగునా నేను చాలా మాటలు కూడబెట్టుకున్నాను. అక్కడికి పోయాక ఒక్కటీ గుర్తు రాలేదు.

"మొగిలన్నా," అన్నాను. అతన్ని అన్నా అని పిలవడం అదే మొదలు. "గా దినం నువ్వు గోడను సూసినవ్. నేను సూడలే. తప్పు నాది."

అతను చేతిలో ఉన్న అంకె పూర్తి చేశాడు. కుంచె తుడిచాడు. స్టూలు మా వైపు జరిపి, జేబులోంచి ఫోన్ తీశాడు.

ఆ ఫోన్లో అన్నీ గోడలే. మా ఊళ్లోనే ముప్పై ఆరు పెళ్లిళ్లు రాశాడట, నాలుగేళ్లలో. ప్రతి గోడకూ మనిషన్నవాడు లేకుండా ఒక ఫోటో. గోడ మీద అతను రాసిన పెళ్లి తేదీ, ఫోటో కింద ఫోన్ వేసిన తేదీ. పగులు ఉన్న చోటల్లా అక్షరాలు పక్కకు జరిగి ఉన్నాయి. మొగిలి వేలితో జరుపుతూ చెప్పుకుపోయాడు. క్వారీ వైపు ఇళ్లన్నిటికీ జాగ ఇడిసిండట. రోడ్డు అవతలి ఇళ్లలో ఒక్కదానికి కూడా ఇడవలేదట. రెండేళ్ల కిందట మా ఇంటి గృహప్రవేశానికి అతను రాసినప్పుడు ఆ పగులు వెంట్రుక వాసి. సాగర్ పెళ్లికి వేలు దూరేంత. నేను లత వైపు చూశాను. ఆ పిల్ల ఫోన్ మీది నుంచి కళ్లు తీయలేదు, కళ్లల్లో నీళ్లు మాత్రం తిరిగాయి. తను మా గడప తొక్కకముందే ఆ పగులు అక్కడ ఉంది.

"ఇంకో గోడున్నదక్కా," అన్నాడు మొగిలి చివర్లో, ఫోన్ మూసేస్తూ. "గది జూపియ్య. ఒకరికి మాటిచ్చిన."

నేను అడగలేదు. ఒకసారి అతని నోరు మూయించిన దాన్ని, ఇప్పుడు తెరిపించే హక్కు నాకెక్కడిది.

విచారణ జూన్ మొదటి వారంలో, బడి ఆవరణలోనే టెంటు కింద పెట్టారు. సిరిసిల్ల నుంచి అధికారులు, మా ఇంజనీరు సారు వచ్చారు. నర్సింగ్ రావు గారు తెల్ల చొక్కాలో, పక్కన భార్య దమయంతమ్మ. కొత్త బిట్టు భూమి ఆమె పేరు మీద ఉంది, సంతకానికి ఆమె రావాల్సి వచ్చింది. ఊరంతా చేరింది, కోరుట్ల నుంచి మొగిలి కూడా వచ్చాడు. కొందరు కుర్రాళ్లు గంటె ఎక్కడని నన్ను ఇక్కడ కూడా వదల్లేదు.

గంటె తేలేదు గానీ తాడు తెచ్చాను. బడి వరండాలో ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి బట్టలారేసే తాడు కట్టి, కోరుట్లలో తీయించుకొచ్చిన ముప్పై ఆరు ఫోటోలు తేదీల వరసన క్లిప్పులతో తగిలించాం నేను, లత. ఊళ్లోవాళ్లు ఎవరి గోడ దగ్గర వాళ్లు ఆగి చూసుకున్నారు. ఇంజనీరు సారు మొదటి ఫోటో నుంచి చివరిదాకా నడిచి, మళ్లీ మొదటికి వచ్చాడు.

"సారూ, భూమి ఊగింది నాలుగు సెకండ్లు," అన్నాను. "నాలుగేండ్ల పగుళ్లు దాని నెత్తిన వెట్టకుండ్రి."

నర్సింగ్ రావు గారు తొందరపడే మనిషి కాదు. లేచి, తాడు పొడుగునా ఒకసారి చూసి, నవ్వారు. ఇవన్నీ మట్టి గోడలు, నాసిరకం ఇటుకలు, పాతబడితే ఏ గోడైనా పగులుతుందని అన్నారు. ఆ తర్వాతి మాట మాత్రం టెంటు చివరిదాకా వినబడేటట్టు అన్నారు.

"క్వారీకి అందరికంటే దగ్గర నా ఇల్లు. బ్లాస్టింగ్‌కు పగిలేదుంటే ముందుగాల నాది పగలాలె గదా. పోయి సూసి రాండ్రి, నా గోడ మీద ఒక్క గీత లేదు."

నిజమే, ఆయన ఇంటి గోడ అద్దంలా ఉంటుంది. మూడేళ్ల కిందట కూతురు శ్రుతి పెళ్లికి పేర్లతో పాటు కింది నుంచి పైదాకా పాకే మల్లెతీగ ఒకటి గీయించారు, చూడముచ్చటగా. ఇంజనీరు సారు కాగితం మీద ఏదో రాసుకోబోయి ఆగాడు. నేను మొగిలి వైపు చూశాను. అతను తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు.

"మన గోడ మీద తీగ ఎందుకున్నదో మీకెరుకేనా?" అంది దమయంతమ్మ.

కూర్చున్న చోటు నుంచి లేవకుండానే అంది, ఇంట్లో భర్తతో మాట్లాడినట్టు. నర్సింగ్ రావు గారు అర్థం కానట్టు చూశారు.

"బిడ్డ పెండ్లికి గోడ రెండుగ పలిగి ఉండె. సుట్టాలు సూస్తే బాగుండదని, పగులు ఎటు వోతే తీగ అటు గియ్యుమని నేనే చెప్పిన. పెచ్చు లేసినప్పుడల్ల మల్ల గీయించిన, ఎవలకు చెప్పద్దని మాట తీసుకున్న." ఆమె మొగిలి వైపు తిరిగింది. "ఇగ జూపియ్యి బిడ్డా. మాట నేనే ఇడిసిపెడ్తున్న."

మొగిలి ఫోన్ తీసి రెండు ఫోటోలు చూపించాడు. తీగ గీయకముందు ఒకటి, గీశాక ఒకటి. నర్సింగ్ రావు గారు ఫోన్ చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఆయన నిజంగానే ఎరగరు. అది ఆయన మొహం చూసిన వాళ్లందరికీ తెలిసింది.

"నాకెందుకు చెప్పలే?" అన్నారు మెల్లగా.

"మీరు గుట్ట దిక్కు సూసినంత ఇంటి దిక్కు ఎన్నడు సూసిండ్రు," అంది ఆమె. తర్వాత కాగితాల అధికారి వైపు తిరిగి, ఆ బిట్టుకు తాను సంతకం పెట్టనని, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నామని రాసుకోమంది.

ముందు ఎవరు చప్పట్లు కొట్టారో తెలియదు. ఆగిన వాళ్లు లేరు. మా అత్త అయితే ఎందుకు కొడుతున్నామో పక్కవాళ్లని అడిగి మరీ కొట్టింది. మా ఇంజనీరు సారు ఫోటోలన్నీ కవరులో వేసుకుంటూ, ఇంకోమాట చెప్పాడు. భూకంపం ఈ పగుళ్లు తేలేదు గానీ, ఇలా పగిలిన గోడలు ఇంతకంటే గట్టిగా ఊగితే నిలవవు, రాకముందే తెలియడం మీ అదృష్టం అని. బడి తెరిచేలోపే దాని గోడలకు తలుపుల మీదుగా చుట్టూ ఇనుప చువ్వలతో సిమెంటు పట్టీ పోయించాడు. గుట్టకు ఇటు వైపు పేలుడు ఆపించారు. అటు వైపు కూడా పేల్చకుండా, రాయిని తీగ రంపంతో కోసుకోవాల్సిందే.

ఇంటికి రాగానే మా అత్త చేసిన పని చెప్పాలి. వాకిట్లో మూలన అట్లాగే ఉన్న లత బ్యాగును తనే మోసుకుపోయి లోపలి గదిలో పెట్టింది. తప్పయిందని అనలేదు, ఆమె ఎప్పుడూ అనదు. బయటికి వచ్చి, దీపాల వేళయింది ఇంకా చాయ్ పెట్టలేదేందని లతను కేకలేసింది. లత నవ్వుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

జూన్ పన్నెండున బడి తెరిచారు. కొత్త పట్టీ మీద, పొడుగాటి గోడ మీద మొగిలి బడి పేరు రాశాడు. ఎక్కడా జాగ ఇడవలేదు, అక్షరం పక్కన అక్షరం. ఆ రోజు నేను పప్పు, కోడిగుడ్డు వండాను. మాఘంలో మా ఇంటి నుంచి తినకుండా పోయిన మనిషికి పిల్లల వరసలో మొదటి పళ్లెం పెట్టాను.

ఒంటిగంట అయింది. గోడ గడియారం వైపు ఎవరూ చూడలేదు, నాలుగేళ్ల అలవాటుకు ఆ అవసరం లేదు. నలభై ఎడమ చేతులు ఒక్కసారే లేచి పళ్లేల మీద వాలాయి. వాళ్లతో పాటు మొగిలి కూడా కప్పుకున్నాడు. అందరం ఎదురు చూశాం. సైరన్ రాలేదు. ఇంకాసేపు చూశాం. అయినా రాలేదు. నేను గంటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

చివర్న కూర్చున్న, ఈ ఏడే రెండో తరగతికి వచ్చిన ప్రవళిక ముందుగా చెయ్యి కొంచెం ఎత్తి, పైకప్పు చూసి, నన్ను చూసింది.

"పెద్దమ్మా, ఇయ్యాల పొడి రాలదా?"

"రాలదు బిడ్డా," అన్నాను. "రెండు చేతులు వెట్టుకోని తిను."